బేస్ డబ్బాతో పాలమూరుకు

యాభై నాలుగేళ్ల వయసులో ముప్పై కిలోల డబ్బాను బస్సులో మోసుకుపోవడం తెలివిగలవాళ్లు చేసే పని కాదు. అయినా ఆ రోజు పొద్దున ఆరుంబావుకు నల్లగొండ బస్టాండులో నా పాత బేస్ గిటారుతో, వాల్వు యాంప్లిఫైయర్ డబ్బాతో నిలబడ్డాను. డబ్బాలో స్పీకరు కాగితం చిరిగి ఆరేళ్లయింది. దాన్ని అతకాలంటే మహబూబ్‌నగర్‌లో, అంటే మా నోట్లో పాలమూరులో, యూసుఫ్ సాబ్ ఒక్కడే ఉన్నాడని నలుగురు చెప్పారు. దసరా పది రోజుల్లో ఉంది. పోనీలే, పోదామనుకున్నాను.

ఇలాంటి సామానుతో పోయేవాళ్లకు ఒక మాట. వాల్వులంటే గాజు బుడ్లు, కుదుపుకు పగులుతాయి. నేను అన్నీ పీకి పాత సాక్సుల్లో దూర్చి సంచిలో పెట్టుకున్నాను. గిటారు జపాను తయారీ, నాకంటే కొంచెమే చిన్నది. అమ్మినవాడు దానికి ఎర్ర ఎనామిల్ పూసి తళతళలాడించాడు. పాతదానికి కొత్త రంగేస్తే విలువ పోతుందని కొన్న తర్వాత తెలిసింది. నా చదువంతా ఇట్లాగే, దెబ్బ తిన్నాకే.

"గిదేంది సార్, టీవీనా? లగేజీ టికెట్ కొట్టాలె" అన్నాడు కండక్టరు. నలభై రూపాయలిచ్చాను. పక్క సీట్లో కూరగాయల సంచితో ఉన్న అవ్వ ఆడవాళ్లకిచ్చే తన సున్నా టికెట్టు చూసుకొని నవ్వింది. "నాకు ఉత్తగ, నీ డబ్బకు పైసలా? మంచి సంబడమే బిడ్డా. జర దాన్ని గటు జరుపు, కాళ్లు సాపుకుంట."

ఎనిమిదింటికి దేవరకొండ. బస్సు పది నిమిషాలు ఆగింది. అందరూ టీకి దిగారు, నేను దిగలేదు. బస్టాండు ఎదురుగానే సైదులు టెంట్‌హౌస్.

సైదులు మా ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. డబ్బా నాది, చేతులు వాడివి. ఆరేళ్ల కింద కట్టంగూరు పెళ్లిలో రెండో పాటకే స్పీకరు బర్రుమని చిరిగింది. "అన్నా, నేను వాల్యూము సగం మీదికి తిప్పలే" అన్నాడు. నేను నమ్మలేదు. పెళ్లివాళ్లందరి ముందు వాణ్ణి అబద్ధాలకోరన్నాను. నీ ఇంట్లో నీళ్లు కూడా ముట్టనన్నాను. ఆ నెలలోనే వాడు తన గిటారు అమ్మేసి కుర్చీలు, షామియానాలు కిరాయికిచ్చే పనిలో పడ్డాడు. కిటికీలోంచి వాడి బోర్డు కనిపిస్తుంటే తల అటు తిప్పుకొని కూర్చున్నాను.

పదింటికి కల్వకుర్తిలో దిగి ఇడ్లీ తిని బస్సు మారాను. జడ్చర్ల దాకా సీటు దొరకలేదు. డబ్బా రెండు కాళ్ల మధ్య పెట్టుకొని నిలబడే పోయాను. మోకాళ్లు మొత్తుకున్నాయి. పాలమూరులో ఆటో దిగేసరికి పన్నెండు దాటింది.

యూసుఫ్ సాబ్‌కు డెబ్బై ఉంటాయి. ఇరుకు గది నిండా నోళ్లు తెరుచుకున్న స్పీకర్లు. నా స్పీకరు విప్పి, తలుపు దగ్గరికేసి, దాని వెనక బల్బు వెలిగించి పట్టాడు. నల్ల కాగితం అంతటా చీకటిగానే ఉంది. చినుగు చుట్టూ మాత్రం రూపాయి బిళ్లంత మేర ఎర్రగా వెలిగింది. వేలితో తాకితే అక్కడి కాగితం పొడిపొడిగా రాలింది.

"గట్టిగ వాయిస్తే గిట్ల కాదు సార్, అంచు పొంటి చీలుతది. ఇది పుచ్చింది. బొట్టు పెట్టిండ్రా?"

"ప్రతి దసరకు పెట్టిన."

"తడిపేనా?"

"తడపకుంటె అంటదు గద సాబ్."

డ్రైవరు స్టీరింగుకు పెట్టినట్టే మేమూ ఆయుధపూజ రోజు వాయిద్యాలకు బొట్లు పెడతాం. స్పీకరు ముందున్న జాలీకి పెడితే సరిపోయేది. శబ్దం పుట్టేది కాగితంలో కదా, బొట్టు దానికే చెందాలని నేను జాలీ విప్పి మరీ పెట్టేవాణ్ణి. పాత మరకను తడిగుడ్డతో తుడిచి, మళ్లీ అదే చోట పసుపు, కుంకుమ. ఇంకొకరిని ముట్టనిచ్చేవాణ్ణి కాదు. పద్నాలుగు దసరాలు.

ఆయన పలుచని కాగితం పొరలు జిగురుతో అతికి ఎండలో పెట్టాడు. రెండు గంటలు పడుతుందంటే మెస్‌కు పోయాను. పప్పు, వంకాయ కూర ముందు పెట్టారు. రెండు ముద్దలకంటే దిగలేదు.

రెండున్నరకు స్పీకరు బిగించి, వాల్వులు పెట్టి, వేడెక్కేదాకా ఆగి లావు తీగ మీటాను. ఆ మోత ఛాతీలో తగిలింది. ఆరేళ్ల తర్వాత విన్నాను, కానీ సంతోషం రాలేదు. యూసుఫ్ సాబ్ చేతులు తుడుచుకుంటూ, "ఇగ బొట్టు చెక్కకు పెట్టుర్రి, కాయితానికొద్దు" అన్నాడు.

మూడింటి బస్సు ఎక్కి, కల్వకుర్తిలో మారి, ఆరుంబావుకు దేవరకొండ చేరాను. ఒళ్లు హూనమైంది. ఈసారి దిగాను.

సైదులు గుమ్మంలో కూర్చొని వైరు చుడుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. "ఏందన్నా, బస్సు తప్పిందా?"

"సైదులూ, నువ్వు సగం మీదికి తిప్పలే. కాయితం నేనే పుచ్చగొట్టిన. బొట్లు పెట్టి పెట్టి. నాకు ఇయ్యాలనే ఎరుకైంది."

వాడు వైరు చుట్టడం ఆపలేదు. "నాకు ఆ దినమే ఎరుక గదన్నా, నేను తిప్పలేదని."

అరుగు మీద కూలబడి, "కొన్ని నీళ్లియ్యి" అన్నాను. వాడు వైరు పక్కన పెట్టాడు. లోపలికి పోయి చెంబుతో తెచ్చాడు. మొత్తం తాగాను.

గిటారు తీసి ఇవ్వబోతే వద్దని తన చేతులు చూపించాడు. "కుర్చీలు మోసిన కాయలు అరచేతులనే ఉన్నయ్. వేళ్ల కొసలు మెత్తబడ్డయన్నా. ఇప్పుడు తీగ కోస్తది."

"మల్ల కాయలు కట్టెదాక గిటారు, డబ్బ రెండూ నీ తాననే ఉండనీ."

వాడు లేచి, డబ్బాను గుమ్మం ముందు చల్లిన నీళ్ల తడిలోంచి ఎత్తి లోపల పొడి జాగాలో పెట్టాడు.

ఏడింటి నల్లగొండ బస్సులో సీటు దొరికింది, లగేజీ టికెట్టు పడలేదు. చేతులు ఖాళీ అయినా పొద్దున ఒరిగిన భుజం ఒరిగే ఉంది. పాలమూరుకు దారి బాగానే ఉంది, బస్సులకు లోటు లేదు. దారిలో మీరు దిగాల్సిన ఊరేదైనా ఉంటే మాత్రం పోయేటప్పుడే దిగండి. వచ్చేసరికి పొద్దుపోతుంది.