అల్ వజ్ దారిలో దెబ్బకు దెబ్బ

రంజాన్ పండుగ సెలవుల్లో రియాద్‌లో మా కార్మికుల క్యాంపులో అందరూ నిద్రపోతుంటే, నేనూ మా బావా ఎర్రసముద్రం చూడ్డానికి బయలుదేరాం. బావ అంటే మా అక్క భర్త. కడప జిల్లా వాళ్లం, ఒకే కంపెనీలో ఏసీ మెకానిక్కులం. యాన్బూ రేవు పట్నం నుంచి తీరం వెంబడి ఊరూరా చిన్న బస్సుల్లో పోవాలని మా కోరిక. కారున్నవాళ్లు ఆ ఊళ్లను అద్దంలోంచి చూసి పోతారు. బస్సులో పోయేవాడు మాత్రం దిగి, చేపల వాసన వెంట నీళ్లదాకా నడవాల్సిందే.

యాన్బూలో సముద్రం మెత్తగా ఉంది. ఉమ్లజ్‌లో గాలి తిరగబడింది. పడవలు రేవు గోడను గుద్దుతున్నాయి. గట్టుమీద ఒకతను కొట్టుకులాడుతున్న చేప తలను కట్టెతో మోదుతున్నాడు. అది ఊరుకునేదాకా బావ కళ్లు తిప్పలేదు.

అక్కడినుంచి అల్ వజ్ బస్సు ఎక్కాం. డ్రైవరు మలయాళీ ముస్లిం, భారీ మనిషి. మధ్యాహ్నం జుహర్ నమాజుకు పెట్రోలు బంకు మసీదు దగ్గర ఆపాడు. ప్రయాణంలో జుహర్, సాయంత్రపు అసర్ కలిపి చదవడం వాళ్ల మజ్హబ్‌లో, అంటే వాళ్లు పాటించే ధర్మశాఖలో ఉంది. అతనూ మిగతావాళ్లూ అలాగే చదివేశారు. మాది వేరే శాఖ, మా హనఫీలకు ఏ నమాజు దాని వేళకే. మేం జుహర్ మాత్రం చదివి బస్సెక్కాం. ఎవరూ ఎవర్నీ అడగలేదు.

దారిలో ఇసుకగాలి లేచి బస్సు నత్తలా పాకుతోంది. అసర్ వేళ జారిపోతోంది.

"అన్నా, నమాజుకు ఆపు," అన్నాడు బావ హిందీలో.

"చదివేశాం కదా!"

"మీరు చదివినారు. మేము చదవలా."

"అల్ వజ్‌లో చదువుకో."

"ఈ గాలిలో పొద్దుగూకేలోపల యాడ చేరుస్తావు?"

"నాకు దీన్ నేర్పకు. మా ఊళ్లో ఉన్నన్ని మదరసాలు మీ ఊళ్లో ఇళ్లు కూడా ఉండవు."

"అన్ని మదరసాల్లో ఒక్క గడియారం లేదా?"

వెనక ఎవరో పగలబడి నవ్వారు. డ్రైవరు మెడ ఎర్రబడింది. "ఇంటి దగ్గర శుక్రవారం జుమాకు కూడా పోని మొహాలు, ఇక్కడికొచ్చి మౌలానాలయ్యారు," అన్నాడు.

"గమ్మునుండు బావా," అంటూ నేను చొక్కా పట్టుకునేలోపే బావ స్టీలు ఫ్లాస్కుతో అతని మొహమ్మీద కొట్టాడు. బస్సు రోడ్డు దిగి, సముద్రం వైపు ఇసుకలో దిగబడి ఆగింది. స్టీరింగంతా నెత్తురు.

ముందు చెక్‌పోస్టు కనిపిస్తోంది. అతను ఒక్క మాట చెబితే బావకు జైలు, ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్. మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టలేడు. నేను డ్రైవరు గడ్డం పట్టుకుని బతిమాలాను.

అతను ముక్కు తుడుచుకుని కిందికి దిగాడు. "ముక్కుకు ముక్కు. నా హక్కు నాకిస్తే పోలీసుతో పనిలేదు."

ఖురాన్‌లోని ఆ ఆయతు నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు. "దాని తర్వాతే క్షమించే మాట కూడా ఉంది కదా అన్నా," అన్నాను.

"తెలుసు. ఈరోజు నాకు మొదటి సగమే చేతనవుతుంది."

బావ ఇసుకలో నిలబడి చేతులు వెనక్కి పెట్టాడు. "పట్టుకోరా అబ్బీ. వదిలితే తిరిగి కొడతా."

పట్టుకున్నాను. పిడికిలి పడగానే ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆ దెబ్బ బావ వీపులోంచి నా రొమ్ముకు తగిలింది. డ్రైవరు రెండోసారి చెయ్యెత్తాడు. బస్సంతా కిటికీల్లోంచి చూస్తోంది. అతను తన పిడికిలిని చూసుకున్నాడు. మెల్లగా దించాడు.

"అయిపోయింది," అన్నాడు.

అందరం తోసి బస్సును రోడ్డెక్కించాం. చెక్‌పోస్టులో పోలీసు ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏంటిది?"

"సడన్ బ్రేకు," అన్నాడు డ్రైవరు.

"ఇద్దరికీనా?"

"ఒకటే బ్రేకు."

పోలీసు పొమ్మని చెయ్యి ఊపాడు.

కొంత దూరం పోయాక డ్రైవరు తనే ఆపి, ఇంజను కట్టేశాడు. నెత్తురు కారుతుంటే నమాజుకు ముందు కడుక్కునే వజూ మాకు నిలవదు. బావ ముక్కులో గుడ్డ కుక్కుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. సూర్యుడు నీళ్లకు దగ్గరవుతున్నాడు. ధార ఆగాక వజూ చేసుకుని ఇద్దరం గబగబా అసర్ చదివాం.

నమాజు ముగింపు సలాం చెప్పి బావ నా వైపు తిరిగాడు. మొహం గుమ్మడికాయలా వాచింది.

"మీ అక్కకు చెప్పొద్దురా. సముద్రంలో అల కొట్టి పడినానని చెప్పు."

"అబద్ధం చెప్పను బావా."

"మరేం చెప్తావు?"

"ఏమీ చెప్పను. ఫోన్ నువ్వే ఎత్తు."