ముందు తను దిగిన డ్రైవరు

మా పత్రికాఫీసు జీపు డ్రైవరు బాబాయ్ పోయారని కబురొచ్చినప్పుడు నేను గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాను. ఫోను చేసింది ఆయన భార్యే. "మీ బాబాయ్ లేడు నాయనా. టీ తాగుతా తాగుతా పక్కకి ఒరిగిపోయాడు" అంది పిన్ని.

ఆయన నాకు చుట్టం కాదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. పర్చూరు పొగాకు వార్తకైనా, అమరావతి దగ్గర కృష్ణ వరదకైనా ఆయనే తీసుకెళ్ళేవారు. ఆఫీసు ఆ జీపును వదిలించుకున్నప్పుడు తనే కొనుక్కుని దర్శి వైపున్న సొంతూరికి తోలుకుపోయారు.

డ్రైవర్లలో ఆయనకు పిరికివాడని పేరు. వాగు కనిపిస్తే జీపు ఆపి, చెప్పులు విప్పి, ముందు తను నీళ్ళలో దిగి అవతలి దాకా నడిచి వచ్చేవారు. నీళ్ళు మోకాలు దాటితే వెనక్కి తిప్పేసేవారు.

"ఏరా, నువ్వు డ్రైవరువా, సర్వేయరువా?" అని ఒకసారి తోటి డ్రైవరు ఎగతాళి చేశాడు.

"నేను తడిస్తే ప్యాంటు ఆరేసుకుంటా. రిపోర్టరు గారు కొట్టుకుపోతే ఎవర్ని ఆరెయ్యనురా?" అన్నారు బాబాయ్.

అలా వెనక్కి తిప్పడం వల్ల నాకో మంచి వార్త పోయింది. కోప్పడ్డాను. "నాకు భయమేసిందండి, అంతే" అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు.

సమాధి చేసిన మూడోనాడు ఇంటివాళ్ళను ఓదార్చే ప్రార్థనకని ఆదరణ కూడిక పెట్టారు. కారు తారురోడ్డు దగ్గర వదిలి, ట్రాక్టరు మీద వాగు దాటి ఊళ్ళోకి వెళ్ళాను. ఆ ట్రాక్టరు తిరిగి అవతలికి వెళ్ళాక వాన పెరిగింది. ప్రార్థన అయ్యేసరికి పిన్నికి ఎప్పటినుంచో ఉన్న ఆయాసం ఎక్కువైంది. పీల్చే మందు పనిచేయలేదు. అంబులెన్సు తారురోడ్డు దాకా వస్తుందన్నారు. అక్కడి దాకా వెళ్ళాలంటే ఊళ్ళో మిగిలింది బాబాయ్ జీపే. వాళ్ళకు పిల్లల్లేరు. దాన్ని ఎప్పుడైనా, తారురోడ్డు మీదైనా, నడిపినవాణ్ణి నేనొక్కణ్ణే.

పిన్ని అంతవరకూ ఆ జీపు ఎక్కలేదు. ఎక్కమంటే "నీ భయం నువ్వు పడు, నాకెందుకు" అనేదట. ఆ రోజు తనే ఎక్కి, ముందున్న ఇనప కమ్మీ పట్టుకుంది. ఇద్దరు మగవాళ్ళు వెనక ఎక్కబోతే, బరువుకు దిగబడుతుందని నేనే వద్దన్నాను. అది మొదటి తప్పు.

ఇప్పటి కార్లకు అలవాటుపడ్డవాడికి ఆ జీపు మాట వినదు. స్టీరింగు పావు చుట్టు తిప్పాక గానీ చక్రం కదలదు. బ్రేకు మూడుసార్లు తొక్కితే ఒకసారి పడుతుంది. చేతి బ్రేకు ఎప్పుడో పోయింది. పత్తి చేల మధ్య నల్లరేగడి బాటలో అది తనకు తోచిన వైపు పోతుంటే నేను వెనకాల సర్దుకుంటూ వచ్చాను.

వాగు దగ్గర దిగి చప్టా మీద నడిచాను. నీళ్ళు మోకాలికి జానెడు కిందే ఉన్నాయి. ఆ జోరుకు కాలు నిలవడం కష్టంగా ఉంది. అయినా దాటించాను. అవతల గట్టు ఎక్కాలి. నాలుగు చక్రాలూ లాగడానికని లివరు వేశాను. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. జీపు పక్కకు తిరిగి వెనక్కి, నీళ్ళ వైపు జారింది. బ్రేకు మూడోసారి పట్టింది.

"దిగి చక్రాలు కలిపావా నాయనా?" అంది పిన్ని, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ.

కలపలేదు. ఆ పాత జీపుకు లివరొక్కటే చాలదు. కిందికి దిగి, ముందు చక్రాలు రెంటికీ నడిబొడ్డున ఉన్న బిళ్ళల్ని చేత్తో తిప్పితేనే అవి లాగుతాయి. బాబాయ్ బురదలో దిగి ఆ పని చేస్తున్నంతసేపూ నేను సీట్లో ఫోను చూసుకునేవాణ్ణి.

"నీకెట్టా తెలుసు పిన్నీ?"

"రోజూ అన్నం దగ్గర ఇదే సోదిగా. దిగు. నేను తొక్కుతా."

నేను కాలు తీస్తే జీపు వాగులోకి పోతుంది. ఆమె పక్కకు జరిగి నా పాదం మీద తన పాదం పెట్టింది. కింద నుంచి నా కాలు మెల్లగా లాక్కుని దిగాను. కుడి బిళ్ళ తిరిగింది. ఎడమది బురద పట్టి బిగుసుకుంది. గోళ్ళతో గీకుతూ తలెత్తితే అద్దంలోంచి ఆమె ముఖం కనిపించింది. నోరు తెరిచి ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"తొందరపడమాక. పట్టుకున్నాలే" అంది.

బిళ్ళ తిరిగింది. నేను మళ్ళీ ఎక్కి తోలితే ముందు చక్రాలు మట్టిని పట్టుకుని గట్టెక్కించాయి. తారురోడ్డు మీద అంబులెన్సు ఉంది.

దర్శి ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని గోళ్ళలోని బురద గీక్కున్నాను. అన్నేళ్ళు బాబాయ్ పక్కన కూర్చుని నేను నేర్చుకోనిది, ఆమె ఇంట్లో కంచం దగ్గర నేర్చుకుంది. ఆయన భయం వల్ల నేను ఎన్ని వాగులు క్షేమంగా దాటానో లెక్క లేదు. ఆ సంగతి ఆయనకు ఒక్కసారైనా చెప్పలేదు.

ముఖానికి ఆక్సిజన్ మాస్కుతో పిన్ని నిద్రపోయింది. డాక్టరు ఫర్వాలేదన్నారు. దుప్పటి కింద ఆమె కుడికాలు మాత్రం మంచం కడ్డీని ఇంకా అదిమిపెట్టే ఉంది.