మామగారి స్విస్ గడియారం

మా ఆవిడ ప్రమోద ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో పనిచేసింది. రిటైరై అమెరికాలో మా మోరిస్‌విల్ ఇంట్లో కూర్చున్నా ఆ బుద్ధి పోలేదు. పప్పు డబ్బాలకి కూడా తేదీలు వేసి చీటీలు అంటిస్తుంది. అలాంటి మనిషి నా మాటని మాత్రం ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు. అందుకే నేను చేసిన వెధవపని మూడేళ్ళు దాగింది.

వాళ్ళ నాన్నగారు బెజవాడలో రైల్వే గార్డు. ఆయన పోయాక ప్రమోద అడిగి తెచ్చుకున్నది ఒక్కటే, ఆయన పాత స్విస్ చేతి గడియారం. మా అమ్మాయి అనుష్క పురిటికి తను టెక్సస్‌లోని ప్లేనో ఊరికి వెళ్ళినప్పుడు, షోకు కొద్దీ నేను దాన్ని పెట్టుకుని పిక్నిక్‌కి తగలడ్డాను. పడవలో కూర్చుని చెయ్యి నీళ్ళల్లో ఆడించాను. పాత బెల్టు కాస్తా ఊడి, గడియారం సరస్సు అడుక్కి పోయింది. చెప్పే ధైర్యం లేక, ఫొటో పట్టుకుని నెల రోజులు ఇంటర్నెట్ అంతా గాలించి, అచ్చం అలాంటిదే కొని డ్రాయర్‌లో పెట్టాను. తను గుర్తుపట్టలేదు.

ఇప్పుడు దాన్ని అనుష్కకి ఇవ్వాలట. ఊరికే ఇస్తే ఎలా, ఏ సంవత్సరంలో తయారైందో, అసలుదో కాదో కాగితం ఉండాలట. ఎన్ని వంకలు పెట్టినా వినలేదు. మా పక్క ఊరు రాలీలో పాత గడియారాలు పరీక్షించే ఆయన దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. కారు నేనే నడిపాను. నకిలీదని తేలితే నా పని అయిపోయినట్టే.

ఆ పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనకమూత తెరిచాడు. నంబరు రాసుకున్నాడు, ముళ్ళు చూశాడు, డయల్ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. చివరికి తలెత్తి నవ్వాడు. అరవై నాలుగులో తయారైన అసలు సిసలు గడియారమట, డయల్ మీది రంగు కూడా ఫ్యాక్టరీలో వేసిందేనట. హమ్మయ్య అనుకుని ప్రమోద వైపు చూశాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మళ్ళీ రంగు వేయించిన డయల్ కాదా అని రెండుసార్లు అడిగింది. కానే కాదన్నాడాయన.

"నాన్న కృష్ణలో దిగినప్పుడు వాచ్‌లోకి నీళ్ళు పోయాయండీ," అంది నాతో నెమ్మదిగా. "బెజవాడ గవర్నర్‌పేటలో డయల్ మొత్తం రీపెయింట్ చేయించారు. పక్కన నేనే ఉన్నాను. ఇది నాన్నది కాదు."

ఇక దాచలేకపోయాను. ఆ కౌంటర్ దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మూడేళ్ళ నుంచీ రోజూ పొద్దున్నే దీనికి కీ ఇస్తూ నాన్నతో మాట్లాడుకుంటున్నాను," అంది. "ఎవరితో మాట్లాడానండీ నేను?"

పెద్దాయనకి మా తెలుగు అర్థం కాలేదు. పెన్ను తీసి, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద రాయమంటారని మా ఇద్దరినీ అడిగాడు.