రెండు పాళీల సైకిల్

సూరత్‌కు వచ్చి బట్ట నేసే లూముల మీద పడ్డోళ్లల్ల దమ్ము రానోడు ఎవడన్న ఉంటే జర నాకు చూపియ్యున్రి. మా ఆయనకు గూడ వచ్చింది. అన్నం తింటే ఆయాసం, నవ్వితే ఆయాసం. గమ్మతేందంటే, మిషన్ల ముందల నిలబడ్డంక ఆయనకు ఏం గాకపోతుండె. నిలబడే పని, అటిటు మెల్లగ తిరుగుడు, తెగిన దారం ముడేసుడు. అది ఎంతసేపైన చేస్తడు. ఆయన పాణం పోయేది మిల్లుకు పోయే తొవ్వల.

మేముండేది డిండోలిల. మిల్లు ఉధ్నాల, లోపల్లోపలి గల్లీలల్ల ఉంటది. షేర్ ఆటోవాడు మెయిన్ రోడ్డు మీదనే దించి పోతడు. ఆడికెల్లి నడిచేసరికి ఈయన గోడలు పట్టుకునేటోడు. పోనీ మామూలు సైకిల్ మీద పోదామంటే నడుమ రైలు పట్టాల మీది వంతెన ఒకటి సచ్చింది. ఆలస్యమైతే సేఠ్ ఊకోడు. గేటు కాడ పని కోసం నిలబడ్డోళ్లు ఎప్పటికీ ఉంటరు, మన మిషన్లు తీసి వాళ్ల చేతుల పెడ్తడు. ఆ మిషన్లు పోతే మా ఆయనకు ఇంకో పని ఎవరిస్తరు? చిన్నప్పటి సంది లూము తప్ప ఇంకోటి ఎరుగడు. అవి ఉన్నన్ని రోజులే ఆయన మనిషి.

గసుంటప్పుడు మా ఇంటికి కరెంట్ సైకిల్ వచ్చింది.

నేను ఇంట్ల వండి డబ్బాలు పంపిస్త. కంప్యూటర్ల ఉద్యోగం చేసే మన తెలుగాయన ఒకాయన నా డబ్బా తినేటోడు. కడుపు పెరిగిందని, తగ్గించుకుందామని ఆ సైకిల్ కొన్నడట. తొక్కకుంటనే ఉరికే సైకిల్ మీద కూసుంటే కడుపు ఎట్ల తగ్గుతది తమ్మీ అని అడిగిన. ఆయన గూడ నవ్విండు. "నేను కొత్త మోడల్ తీసుకుంటున్నా అక్కా, ఇది అన్నకు ఇవ్వండి" అని తెచ్చి మా వాకిట్ల పెట్టి పోయిండు.

మొదటి రోజు మా ఆయన మిల్లు కాడికెల్లి ఫోన్ చేసిండు. "ఏమే, వంతెన ఎక్కినట్టే తెలువలే" అన్నడు. ఆ గొంతుల ఆయాసం లేదు. నేను పొయ్యి ముందల కూసొని ఏడ్చిన. సంతోషానికే.

మా ఆయనకు ఒక జోడీదారు ఉన్నడు. జోడీదారంటే, ఒక్కటే మిషన్ల మీద ఒకరు పగటి పాళీ, ఇంకొకరు రాత్రి పాళీ. మాది ఆయనది పక్క పక్క ఊర్లు, ఇక్కడ పక్క పక్క రూములు. నన్ను వదినా అంటడు. పాళీ మారేటప్పుడు లూమోళ్లకు ఒక పద్ధతి ఉంటది. దిగేటోడు మిషన్ల ముందల నిలబడి అన్ని అప్పజెప్తడు: గీ దాని దారం జర కచ్చాగున్నది, గా దానికి నూనె వెయ్యి, చూస్కో. ఎక్కేటోడు "సరే" అంటడు. సరే అనేదాక దిగేటోడు కాలు కదపడు. సరే అన్నడంటే ఇగ నీకేం సంబంధం లేదు, ఇంటికి పో.

సైకిల్‌ను గూడ ఇద్దరు గట్లనే నడిపిన్రు. పొద్దున ఈయన దాని మీద పోతే, రాత్రంత పని చేసినాయన దాని మీదనే ఇంటికొస్తడు. సాయంత్రం ఆయన పోతడు, ఈయనొస్తడు. "బ్రేకు జర వదులైంది, చూస్కో." "సరే అన్నా." మిల్లు గేటు కాడ ఇదే ముచ్చట రోజూ.

వచ్చీరాంగనే బ్యాటరీ ఊడదీసుడు, చెయ్యి కాలుతున్నా సరే ఛార్జింగ్‌ల పెట్టుడు. జర సల్లారనియ్యున్రి అంటే ఇద్దరు నన్ను చూసి నవ్వుడే. "మిషన్ వేడి మీదుంటేనే బట్ట మంచిగొస్తది వదినా, సల్లబడితే మొండికేస్తది" అన్నడు జోడీదారు. లూమోళ్ల బుద్ధి అది. ఆగిన మిషన్‌ను చూస్తే వాళ్లకు నిద్ర పట్టదు. ఎండలు మండిపోయే రోజులల్ల, మా రేకుల రూముల, ఆ బ్యాటరీ వేడి మీద వేడి తాగింది. వాళ్లకన్న పాళీ దిగినంక పండుకునేది ఉంటది, దానికి అదీ లేకపాయె.

ఉబ్బింది. పొయ్యి మీద రొట్టె పొంగినట్టు పొంగింది. ఒకనాడు వంతెన నడుమల కరెంట్ పడిపోయింది. కరెంట్ లేని కరెంట్ సైకిల్ అంత దరిద్రం లోకంల ఇంకోటి లేదు. మామూలు సైకిల్ కన్న ఎంత బరువో! తొక్కరాదు, వదిలిపెట్టరాదు. దాన్ని నూకుకుంట నూకుకుంట మా ఆయన ఆడనే కూలబడ్డడు. ఆయన మిల్లు చేరేదాక జోడీదారు పాళీ దిగకుంట మిషన్లు నడిపిండు.

ఉధ్నాల మోటర్లు చుట్టేటోళ్ల దగ్గరికి తీసుకపోయినం. కాలిపోయిన ఏ మోటర్‌నన్న పాణం పోసి లేపుతరు వాళ్లు. గా బ్యాటరీని మాత్రం అటు తిప్పి ఇటు తిప్పి చేతుల పెట్టిన్రు. లోపల తాళమున్నదట, కంపెనీ ఫోన్‌ల నుంచి తెరిస్తేనే తెరుచుకుంటదట. వేరే బ్యాటరీ పెడితే సైకిల్ దాన్ని గుర్తు పట్టదట. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ మోడల్ బందైంది అన్నరు. ఇంకా తొక్కేటోళ్లు బతికే ఉన్నరు, మోడల్ బందయిందట! నా నోటికి ఏమొస్తే అది తిట్టిన.

కంప్యూటరాయనకు చెప్పిన. ఆయన అయ్యో అన్నడు గని, సైకిళ్ల ముచ్చట వచ్చిందంటే ఆయన నోరు ఆగదు. "ఇంకొన్నేళ్లు ఆగండి అక్కా. బ్యాటరీ అరచేతిలో పట్టేంత అయిపోతుంది. సైకిల్‌ని భుజాన వేసుకుని మెట్లెక్కొచ్చు. ఛార్జింగే ఉండదు, కూడలిలో ఖాళీది ఇచ్చి నిండింది తీసుకోవడమే. గుంత వస్తే అదే తప్పుకుంటుంది, మనిషి అలిసిపోతే అదే తెలుసుకుంటుంది."

"అవుతదేమో తమ్మీ, చంద్రుని మీదికి గూడ పోతదేమో" అన్న. "రేపు పొద్దుగాల మా ఆయనను వంతెన ఎక్కిస్తదా చెప్పు."

 తెల్లారి ఆయన తన కొత్త సైకిలే తెచ్చిండు. నేను నడిస్తేనే మంచిది, దీన్ని అన్న వాడుకోనీయండి అన్నడు. ఎంత మంచి మనిషి! ఊకె ఆయన మీద నోరు చేసుకున్న అని నాకు సిగ్గనిపించింది.

మా ఆయన గడ్డం గీసుకున్నడు. మిల్లుకు ఏసుకపోయే అంగినే ఉతికింది ఏసుకున్నడు. జోడీదారు గూడ నిద్ర మానుకొని బయటికొచ్చిండు. సైకిల్ అయితే ఏం సైకిల్! ఒక్క ఏలుతోని లేస్తది, సప్పుడు లేదు. మా గల్లీ చివర చిన్న ఎత్తు ఉన్నది, దాన్ని ఎక్కి చూస్తనని పోయిండు. సగం ఎక్కిండో లేదో, సైకిల్ కుయ్యి కుయ్యిమని మొత్తుకొని మెల్లగయ్యింది. ఇగ నిలబడ్డది.

కంప్యూటరాయన ఉరికిండు. హ్యాండిల్ పట్టుకుంటేనే అది గుండె చూస్తదట. దమ్ముతోని గుండె ఎక్కువ కొట్టుకునేటోడు ఎక్కితే మోటర్ బందు చేసుకుంటదట. "అది తీసెయ్యడానికి రాదు అక్కా. దారిలో ఎవరికన్నా ఏమన్నా అయితే తమ మీదికి వస్తుందని కంపెనీవాళ్లే పెట్టారు. ఇక ముందు వచ్చేవన్నీ ఇట్లాగే వస్తాయి" అని తల దించుకున్నడు. నేను ఆ సైకిల్‌ను కాలుతోని తన్నబోయిన. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.

"దాన్నెందుకు తంతవే. దారం తెగితే మన మిషన్ ఆగదా? గట్లనే ఇది గూడ" అన్నడు. నిమ్మళంగ అన్నడు. మెల్లగ నడుసుకుంట ఇంటికొచ్చి అంగి విడిచి దండెం మీద ఏసిండు.

సేఠ్ మిషన్లు ఇంకొకనికి ఇచ్చిండు. జోడీదారుకు కొత్త జోడీ వచ్చిండు. కొత్త సైకిల్ ఎన్కకు పోయింది, పాతది మెట్ల కింద ఉన్నది, దాని మీద మా పిల్లలు బట్టలు ఆరేస్తరు. మా ఆయన ఇప్పుడు నా పక్కన కూసొని చీరెలకు రాళ్లు అతికిస్తడు. ఆడోళ్ల పని అని ఒక్కనాడు అనలే. అన్నా బాగుండు, కొట్లాడుదును.

మా గల్లీల ఇప్పుడు డబ్బాలు, సామాన్లు మోసేటోళ్లంత కరెంట్ సైకిళ్ల మీదనే తిరుగుతున్నరు. రోజుకో కొత్త తీరుది కనపడ్తది. ముందు ముందు ఇంకా మంచియి వస్తయి, నాకు తెలుసు. ఎంత మంచిగ వస్తే అంత మా ఆయన అసుంటోళ్లను ఎక్కించుకోవు.

మొన్న సాయంత్రం జోడీదారు పాళీకి పోతుండె. తన మామూలు సైకిల్ బయటికి తీస్తున్నడు. మా ఆయన గడప కాడ కూసున్నడు. ఆ రోజు ఆయాసం మస్తుగుండె, మాట ముక్కలు ముక్కలుగ వస్తుండె. నేను లోపల బంక కలుపుతున్న.

"ఇంటి కిరాయి కట్టినం. చిన్న బిడ్డకు జర జ్వరమున్నది, మందు ఏసినం" అన్నడు. ఊపిరి తీసుకున్నడు. "మీ వదినకు కోపమెక్కువ గని, మనసు మంచిది. చూస్కో."

నా చేతుల బంక గిన్నె అట్లనే ఉన్నది. జోడీదారు అలవాటు మీద సైకిల్ స్టాండ్ తీసుకుంటనే ఉన్నడు.

"ఓ మరిదీ, సరే అనకు!" అని ఒర్రుకుంట గడప దాంక ఉరికిన.

అప్పటికే అన్నడు.