ముగ్గురి చేతుల్లో పిట్టల పెట్టె

కలిదిండి దగ్గర మాకో రొయ్యల చెరువు ఉంది. అమ్మాయి కాలేజీ కోసం మేం ఏలూరులో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన రోజూ బండి మీద చెరువుకి వెళ్ళొస్తారు. మామగారిది చెరువు పక్క ఊరే కాబట్టి పగటి కాపలా ఆయనదే.

రొయ్య కాస్త ఎదిగిందంటే చాలు, కొల్లేటి వైపు నుంచి నీటికాకులు వాటిని తినడానికి వచ్చి వాలతాయి. వాటిని బెదరగొట్టడానికి మా ఆయన ఒక పెట్టె తెచ్చి మోటారు షెడ్డులో పెట్టారు. అందులో రకరకాల చప్పుళ్ళు ఎక్కించి ఉంటాయి. తుపాకీ మోత, కుక్క మొరుగుడు, డేగ అరుపు. షెడ్డు పైన కట్టిన హారన్లోంచి వినిపిస్తాయి. పెట్టెలో సిమ్ కార్డు ఉంది కనక ఎక్కడినుంచైనా ఫోన్లో నొక్కి మోగించవచ్చు, ఆపవచ్చు, సౌండ్ పెంచవచ్చు. షెడ్డు పైన ఒక సోలార్ కెమెరా కూడా ఉంది. దాంట్లో బొమ్మ కనిపిస్తుందే గానీ మాట వినిపించదు. నేను ఫోన్‌ని కుట్టుమిషన్ మీద ఆనించుకుని, పక్షులు దిగితే ఇక్కణ్ణించే మోగిస్తూ ఉండేదాన్ని.

మామగారికి ఆ పెట్టె అంటే గిట్టదు. పక్క చెరువాయన ఒకసారి వచ్చి, "మీరు తోలిన పిట్టలన్నీ మా చెరువులో పడుతున్నాయండీ" అని గట్టిగానే అడిగాడట. అప్పటినుంచి పెట్టెతో వచ్చిన చిన్న రిమోటు మామగారి చొక్కా జేబులోనే ఉంటుంది. మేం మోగించడం, ఆయన ఆపెయ్యడం. ఫోన్లయితే ఒక్కసారి ఒక్కదానికే ఆ పెట్టె లొంగుతుంది. మా ఆయన ఫోన్లో ఆప్ తెరిచి ఉంటే నా ఫోన్లో "మరో ఫోన్ వాడుతోంది" అని వస్తుంది. దాని మీద మా ఇద్దరికీ చిన్న చిన్న గొడవలు కూడా అయ్యాయి.

చెరువు నీళ్ళలో గాలి కలిపే చక్రాల ఏరియేటర్లు మాకు నాలుగున్నాయి. ఆ రోజు మా ఆయన వాటిలో పాడైన ఒకదాని గేరుబాక్సు బాగు చేయించడానికి తాడేపల్లిగూడెం వెళ్ళారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన కొట్టింది. తెరిపిచ్చాక కెమెరా చూశాను. అవతలి మూల ఏరియేటరు ఆగిపోయి ఉంది. మిగతా రెండూ నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. మూల ఏరియేటరుకి వైరు వెదురు కర్రల మీదుగా వెళుతుంది. అందులో ఒక కర్ర చెరువులోకి వాలిపోయి కనిపించింది. బొమ్మని పెద్దది చేసి చూశాను. వైరు తెగి గట్టు మీద, తడి గడ్డిలో పడి ఉంది. మిగతావి తిరుగుతున్నాయంటే కరెంటు ఉన్నట్టే కదా.

అప్పుడే మామగారు షెడ్డులోంచి బయటికి వచ్చారు. పంచె పైకి కట్టుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా, ఆగిపోయిన ఏరియేటరు వైపు గట్టు మీద నడక మొదలుపెట్టారు. ఆయన చూపంతా నీళ్ళ మీదే ఉంది.

వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. తడుస్తుందని ఆయన దాన్ని కవర్లో పెట్టి షెడ్డులో మేకుకి తగిలిస్తారు. పక్క చెరువాయనకి చేశాను. స్విచాఫ్. ఇక మిగిలింది పెట్టె. ఆప్ తెరిస్తే "మరో ఫోన్ వాడుతోంది" అని వచ్చింది.

మా ఆయనకి చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. బండి మీద ఉన్నారేమో. మామగారు ఒకచోట ఆగి, వంగి నీళ్ళలోకి చూసి, మళ్ళీ నడిచారు. అంతలో మా ఆయనే చేశారు.

"గుండుగొలనులో టీకి ఆగానే. ఏంటి, అన్నిసార్లు చేశావు?"

"ఏవండీ, ముందు ఆ పిట్టల ఆప్‌లోంచి బయటికి రండి."

"మళ్ళీ మొదలెట్టావా? ఇంటికొచ్చాక..."

"గట్టు మీద కరెంటు వైరు తెగి పడింది. మామయ్యగారు అటే వెళుతున్నారు. బయటికి రండి!"

"వచ్చేశాను, చూడు" అన్నారు. ఆయన గొంతు అలా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

నా ఫోన్లో మీటలు వెలిగాయి. తుపాకీ మోత నొక్కాను. అవతల చెట్ల మీద కొంగలు లేచాయి. మామగారు ఉలిక్కిపడి ఆగారు. వెనక్కి తిరిగి చూసి, జేబులోంచి రిమోటు తీసి, కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని మీట వెతుక్కున్నారు. మోత ఆగినట్టు నా ఫోన్లో గుర్తు మారింది. ఆయన మళ్ళీ నడిచారు.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగారు, మళ్ళీ ఆపేశారు. అప్పుడు నాకు అర్థమైంది, రిమోటు నొక్కినంతసేపూ ఆయన కదలడం లేదని. అలా వరసగా నొక్కుతూనే ఉన్నాను. కానీ ఎంతసేపు నిలబెట్టగలను? ఇంకొంచెం ముందుకు వెళ్ళేసరికి రిమోటు సిగ్నల్ పెట్టెకి అందడం మానేసింది. చెయ్యి పైకెత్తి నొక్కి చూశారు. మోత ఆగలేదు. ఇక విసుగొచ్చి, రిమోటు జేబులో పడేసి, దాన్ని పట్టించుకోకుండా నడవసాగారు. వాలిన కర్ర దగ్గరవుతోంది.

"ఆగట్లేదండీ, వెళ్ళిపోతున్నారు" అన్నాను ఫోన్లో. ఏడుపు వచ్చేసింది.

"సౌండ్ మొత్తం పెంచేసెయ్. ఆగకుండా మోగేలా రిపీట్‌లో పెట్టు. నాన్నకి పక్కవాళ్ళు ఏమన్నా అంటారేమోనని భయం. ఆపడానికి ఆయనే వెనక్కొస్తాడు."

అలాగే చేశాను. పక్క చెరువు మీది పక్షులు కూడా ఒక్కసారిగా లేచి ఆకాశం నల్లబడింది. మామగారు నిలబడిపోయారు. పక్క చెరువు వైపు చూశారు, షెడ్డు వైపు చూశారు. చెయ్యి ఊపుతూ ఏదో అరిచారు. నన్నో, పెట్టెనో తిడుతున్నారు. తిట్టండి మామయ్యగారూ, తిట్టుకుంటూ రండి అనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగారు. పెద్ద పెద్ద అంగలు వేస్తూ వచ్చి, షెడ్డు చూరు కింద కెమెరాకి కనబడకుండా పోయారు.

నా ఫోన్లో మీటలన్నీ ఆరిపోయాయి. పెట్టె వైరు పీకేసినట్టున్నారు. ఇప్పుడు ఆయన మళ్ళీ బయటికి వస్తే ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు. మా ఆయనతో మాట్లాడుతున్న ఫోన్ కట్ చేసి మామగారికి చేశాను. మోగుతోంది. మోగుతూనే ఉంది. తెర మీద గట్టు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోకి ఆయన ఎప్పుడు వస్తారోనని రెప్ప వెయ్యకుండా చూస్తుండగా ఫోన్ ఎత్తారు.

"ఏవమ్మాయ్, ఏంటీ గోల? చెవులు పగిలిపోతున్నాయిక్కడ!"

"మామయ్యగారూ, గట్టు మీదకి వెళ్ళకండి. మూల ఏరియేటరు వైరు తెగి మీ దారిలోనే పడి ఉంది. ముందు మెయిన్ ఆపెయ్యండి."

"ఏ వైరు?"

"గడ్డిలో పడిందండీ. మీకు కనబడలేదు. నేను కెమెరాలో చూశాను."

తెర మీద రెండు ఏరియేటర్ల చక్రాలూ నెమ్మదించి, నిలిచిపోయాయి. నీళ్ళు సద్దుమణిగాయి.

"ఆపేశానమ్మా" అన్నారు. అంతకుముందున్న కోపం ఆ గొంతులో లేదు.

మా ఆయన ఇంటికి రాకుండా నేరుగా చెరువుకే వెళ్ళారు. గాలి ఆడక రొయ్య పైకి తేలుతుందేమోనని చీకటి పడకముందే ఎలక్ట్రీషియన్ని తీసుకొచ్చి వైరు మార్పించారు. తర్వాత అన్ని వైర్లూ గట్టు పొడుగునా గొట్టాల్లోంచి లాగించారు. ఆ పని చేయించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూనే ఉన్నారు. ఆ సాయంత్రం నా దగ్గర జాకెట్టు కోసం ఒకావిడ వచ్చింది. సూదిలోకి దారం ఎక్కించలేకపోయాను. ఒంట్లో బాలేదని చెప్పి రేపు రమ్మన్నాను.

మర్నాడు నేను కూడా అన్నం కారియర్ పట్టుకుని చెరువుకి వెళ్ళాను. మామగారు గట్టు మీదకి తీసుకెళ్ళి బురదలో ఆయన అడుగులు చూపించారు. వెనక్కి తిరిగిన చోట మడమ గట్టిగా దిగబడి ఉంది. అక్కణ్ణించి వాలిన కర్ర ఎంతో దూరం లేదు.

"భయపడి వెనక్కి రాలేదమ్మాయ్. నీమీద కోపంతో వచ్చాను. బాగా తిట్టాను కూడా" అన్నారు.

"తెలుసండీ, చెయ్యి ఊపడం చూశాను."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత నా చేతిలో కారియర్ అందుకుని, "ఎండెక్కుతోంది. పద, షెడ్డులో కూర్చుని అన్నం తిందాం" అన్నారు.