కిటికీ వెలుతురు కోసం

కచేరీలు ఎలా కట్టాలో, గుమాస్తాలను ఎక్కడ కూర్చోబెట్టాలో ఇప్పుడు చాలామంది చెబుతున్నారు. ఇంజనీర్లను అడుగుతారు, ఆఫీసర్లను అడుగుతారు. ఏళ్ల తరబడి అక్కడ కూర్చుని రాసిన నన్ను మాత్రం ఈ రోజు వరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

యుద్ధం రోజులు. పల్నాడులో ఒక తాలూకా కచేరీలో నేను నకళ్లు రాసే గుమాస్తాను. రైతుల భూమి కాగితాలకు నకలు తీసి ఇవ్వడం నా పని. రాతిగోడల పొడుగాటి గది, దానికి ఉత్తరాన ఒకే ఒక్క పెద్ద కిటికీ. ఆ కిటికీ దగ్గర కుర్చీ సిరస్తదారుగారిది. తాసిల్దారు తర్వాత ఆయనే పెద్ద. సర్వీసు పెరిగే కొద్దీ మనిషి కిటికీ వైపు జరుగుతాడు. చివర చేరినవాడు బీరువాల వెనక మూల. అది ఎవరూ రాయని రూలు. నేను చివర చేరాను.

సిరస్తదారుగారు కిటికీకి వీపు పెట్టి సంతకాలు చేసేవారు, వచ్చినవాళ్లతో మాట్లాడేవారు. రోజంతా సన్న అక్షరాలు చదివి రాసే నాకు చీకటి. కిరసనాయిలు కరువు. పగటిపూట దీపం కావాలంటే నవ్వారు. మంచినీళ్ల కుండ కూడా ఆయన కుర్చీ వెనకే ఉండేది. ఆయన ముందు నుంచి వంగి వెళ్లాలని మాలో సగం మంది ఎండాకాలం కూడా దాహంతోనే కూర్చునేవాళ్లం. బల్ల మార్చమని నాలుగుసార్లు అర్జీ ఇచ్చాను. నాలుగోదాన్ని ఆయన చదవకుండానే మడిచి, ఊగుతున్న తన కుర్చీ కోడు కింద పెట్టారు. ఆ మడతలు ఎన్నో కూడా నాకు గుర్తుంది.

ఆ చీకట్లో రెండు తప్పులు చేశాను. రెండు మెమోలు వచ్చాయి. మూడో తప్పుకు ఉద్యోగం పోతుందని రెండో మెమోలోనే ఉంది.

మూడోదీ జరిగింది. దుర్గి నుంచి వచ్చిన ఒక రైతు చేని కాగితానికి నకలు రాస్తూ సర్వే నంబరులో ఒక అంకె మార్చేశాను. సిరస్తదారుగారు కిటికీ దగ్గర పోల్చి చూసి వెంటనే పట్టుకున్నారు. కొత్తగా వచ్చిన తాసిల్దారుగారి ముందు నన్ను నిలబెట్టారు. నకలు కోసం వచ్చిన రైతూ అక్కడే ఉన్నాడు.

"మూడోసారండీ. ఈయనకి కళ్లు నెత్తికెక్కినయ్."

"తప్పు నాదేనండీ," అన్నాను. "కాకపోతే సిరస్తదారుగారు ఒక్కసారి నా చోట కూర్చుని ఆ అసలు కాగితం పైకి చదవాలి. ఆ తర్వాత తమరు ఏం చేసినా సరే."

"నేనా? పోయి ఆ మూల కూర్చోవాలా?" ఆయన ముఖం ఎర్రబడింది.

ముసలి బంట్రోతు తలుపు దగ్గర నుంచి మెల్లగా అన్నాడు: "బీరువా తగులుద్ది, తలకాయ జాగర్త సాబ్."

తాసిల్దారుగారు నవ్వలేదు. "కూర్చోండి, చూద్దాం," అన్నారు.

కూర్చున్నారు. మోకాలు బీరువాకు కొట్టుకుంది. కాగితం దగ్గరికి పెట్టారు, దూరం పెట్టారు, వాల్చి చూశారు. సర్వే నంబరులో నేను ఒక అంకె మారిస్తే ఆయన రెండు మార్చారు. హద్దుల దగ్గరికి వచ్చి, "తూర్పున వాగు," అని చదివారు.

రైతు ఆగలేకపోయాడు. "అయ్యయ్యో! మా చేనికి తూర్పున బాట గదయ్యా! తమరు చూస్తా చూస్తా వాగు పారిస్తన్నారేంది?"

గదంతా నవ్వింది. అంతమంది ఒకేసారి నవ్వడం ఆ కచేరీలో నేను అంతకు ముందు వినలేదు. నేను నవ్వలేదు. నిటారుగా నిలబడ్డాను.

"మరి ఏం చేద్దామంటావు?" అని తాసిల్దారుగారు నన్నే అడిగారు. చెప్పాను. వెలుతురు హోదాకు కాదు, కంటికి ఇవ్వాలి. చదివి రాసేవాడు కిటికీ దగ్గర ఉండాలి, వెలుతురు ఎడమ వైపు నుంచి పడాలి. జనం వెతుక్కుంటూ వచ్చే మనిషి తలుపు దగ్గర ఉండాలి. బీరువాలు చీకట్లో ఉన్నా వాటికి నొప్పి లేదు. నీళ్లకుండ వరండాలో పెడితే ఎవరూ ఎవరికీ వంగనక్కర్లేదు.

మధ్యాహ్నానికి బల్లలు కదిలాయి. నా బల్ల పొట్టిది, వంగి వంగి నడుము పడిపోయేది. బంట్రోతు దాని కాళ్ల కింద నాపరాయి ముక్కలు పెట్టి, "ఇప్పుడు చూడు పంతులూ, కలెక్టరు లాగున్నావ్," అన్నాడు. ఉత్తరపు వెలుతురు నా కాగితం మీద పడింది. అక్షరాల ఒంపులు, చుక్కలు, అన్నీ కనిపించాయి. ఆ సాయంత్రం దుర్గి రైతు తప్పులేని నకలుతో ఇంటికి వెళ్లాడు. నా ఉద్యోగం నిలిచింది.

తలుపు దగ్గరికి మారిన సిరస్తదారుగారు నాలుగు రోజులకు, "ఇక్కడ గాలి చానా బాగుందే," అని బంట్రోతుతో అన్నారట. నాతో అనలేదు. అదీ గుర్తుంది.

ఆ తర్వాత నా నకళ్లలో ఒక్క తప్పు లేదు. అయినా ఆ రెండు మెమోలు ఇప్పటికీ నా సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. కొట్టేయమంటే ఒకరు చూద్దామన్నారు, ఒకరు బదిలీ అయ్యారు, ఒకరు కాగితం దొరకలేదన్నారు. తప్పు చీకటిదని అందరి ముందు తేలాక శిక్ష నా పేరు మీద ఎందుకుండాలి? ఇప్పుడు ఆ కచేరీలో ఉన్న పెద్దమనిషి ఎవరైనా సరే, కొట్టేస్తామనండి, కొట్టేసేది లేదనండి. ఏ సంగతో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి నాకు జవాబు పంపండి.