లేని కామెర్లకు పథ్యం

మంగళవారం ఉదయం తొమ్మిదింబావుకు నా మనవరాలు కోరుట్లలో బస్సు దిగింది. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. తండ్రి దుబాయిలో కూలి పని.

"బతకబుద్ధి అయితలేదు అమ్మమ్మా. బాపు నా చదువు కోసమే గక్కడ పడి ఉన్నడు. నేను లేకుంటే ఇంటికస్తడు గదా అనిపిస్తది" అంది.

ఆ రోజే జగిత్యాలలో మానసిక వైద్యుడికి చూపించాను. అంతవరకు సరిగ్గానే చేశాను.

మర్నాడు పక్కింటామె అడిగింది. "ఏందవ్వా, పిల్ల మొఖం గట్ల పీక్కపోయింది?"

"కామెర్లు" అన్నాను. పిల్లకు పిచ్చి అంటారని నా భయం.

"కామెర్లకు గోలీలేం పనిజేస్తయి? కొడిమ్యాలల పసరు పోస్తరు. నేనే తోల్కపోత, నడువుండ్రి" అంది.

వద్దంటే అబద్ధం బయటపడుతుంది. మా పిల్ల మూడు రోజులు ఆ చేదు పసరు తాగింది, ఉప్పూ నూనే లేని అన్నం తిన్నది. వాడకట్టు ఆడవాళ్లు మజ్జిగ తెచ్చి, రెప్పలు పైకెత్తి చూసి, పసుపు తగ్గిందన్నారు.

మూడో రోజు ఖాళీ గిన్నె నా చేతికిస్తూ, "నా రోగం పేరు చెప్పనీకి నీకు గంత సిగ్గా అమ్మమ్మా?" అంది. నేను గిన్నె కడగడానికి వెళ్లాను.

వైద్యుడి మందులతో కోలుకుంది. మళ్లీ చదువుతోంది. మనసు బాగాలేనప్పుడు ఆయనకో, స్నేహితురాలికో ఫోన్ చేస్తుంది. నన్ను మాత్రం తిన్నావా అని అడిగి పెట్టేస్తుంది.

పోయినవి: ఒక సెమిస్టరు, నాలుగు కిలోల బరువు, నాతో మనసు విప్పి మాట్లాడే అలవాటు.